సీటు కోసం పాతికేళ్లు

2005 జూన్ 19, ఆదివారం రాత్రి పదకొండున్నర. ఇంట్లో అందరూ నిద్రపోయాక టీవీ శబ్దం బాగా తగ్గించుకుని ఇండియానాపొలిస్‌లో జరుగుతున్న ఫార్ములా వన్ కార్ల రేసు, అమెరికా గ్రాండ్ ప్రీ చూడటానికి కూర్చున్నాను. రేసు మొదలవడానికి ముందు కార్లన్నీ ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి వచ్చి తమ తమ గళ్లలో నిలబడటం ఆనవాయితీ. ఆ చుట్టు చివర ఇరవై కార్లలో పద్నాలుగు కార్లు ఒకదాని వెనక ఒకటి పక్కకు తిరిగి, జట్ల షెడ్లుండే పిట్ దారిలోకి వెళ్లిపోయాయి. మిగిలిన ఆరింటిలో ఒకటి జోర్డాన్ అనే జట్టుకు చెందిన పసుపు రంగు కారు. అందులో ఉన్నది కోయంబత్తూరుకు చెందిన నరైన్ కార్తికేయన్. ప్రసారంలో ఏదో లోపం వచ్చిందేమోనని నేను లేచి కేబుల్ తీగ సరిచూశాను కూడా.

జరిగింది టైర్ల గొడవ. శుక్రవారం ప్రాక్టీసులో, వాలుగా ఉండే పదమూడో మలుపు దగ్గర రాల్ఫ్ షూమాకర్ కారుకు వెనక టైరు దెబ్బతిని, కారు గోడను బలంగా ఢీకొంది. ఆ ఏడాది నిబంధన ప్రకారం బయలుదేరే స్థానాలు తేల్చే క్వాలిఫయింగ్‌కూ రేసుకూ కలిపి ఒకే సెట్టు టైర్లు వాడాలి. ఆ మలుపులో తమ టైర్లు రేసు మొత్తం నిలుస్తాయని హామీ ఇవ్వలేమని టైర్ల కంపెనీ మిషెలిన్ చేతులెత్తేయడంతో, ఆ టైర్లు వాడే ఏడు జట్లూ తప్పుకున్నాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఫెరారీ, జోర్డాన్, మినార్డి మాత్రమే పరిగెత్తాయి. ప్రేక్షకులు ఈలలు, కేకలతో నిరసన తెలుపుతుండగా నరైన్ నాలుగో స్థానంలో ముగించి ఐదు పాయింట్లు సంపాదించాడు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయ డ్రైవరు సాధించిన పాయింట్లు ఇప్పటికీ ఆ ఐదే.

అందుకే అతని పేరు ఎత్తగానే చాలామంది 'ఆరు కార్ల రేసులో నాలుగోవాడేగా' అని నవ్వేస్తారు. ఆ నవ్వు నాకు మింగుడు పడదు. అతను పోటీపడిన ఫార్ములా వన్ రేసులు 46. వాటిలో దాదాపు అన్నీ వెనక వరుస కార్లలోనే. అతను నిజంగా ఎంత వేగగాడో తెలుసుకోవాలంటే మన టీవీల్లో ఎన్నడూ కనబడని రేసుల వైపు చూడాలి.

ఆ మాటకు ముందు 'సీటు' గురించి కొంత చెప్పాలి. మన ఇళ్లలో మెడికల్ సీటు అనే మాటకు ఎంత బరువుందో రేసింగ్ ప్రపంచంలో సీటు అనే మాటకు అంత బరువుంది. అక్కడా మెరిట్ సీట్లుంటాయి, డొనేషన్ సీట్లుంటాయి, మెరిట్ ఉన్నా డొనేషన్ కట్టక తప్పని సీట్లు అన్నిటికంటే ఎక్కువగా ఉంటాయి. చిన్న జట్లకు కారు నడిపే ఖర్చులో పెద్ద భాగం డ్రైవరు వెంట వచ్చే స్పాన్సరు నుంచే రావాలి. కొన్నేళ్ల కిందట చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ఒక కుర్ర డ్రైవరుకు అసలు సీటు పోయడం దగ్గర నుంచి చూశాను. కాక్‌పిట్‌లో పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి, రెండు ద్రవాలు కలిపి అందులో పోసి, అతణ్ణి దానిమీద కూర్చోబెట్టారు. లోపల నురుగు వేడెక్కి, ఇడ్లీ పిండిలా పొంగి, నడుముకూ వీపుకూ పక్కటెముకలకూ అతుక్కుంటూ గట్టిపడేదాకా స్టీరింగ్ పట్టుకుని అతను కదలకుండా ఉన్నాడు. తరువాత అంచులు కత్తితో కోసి, పైన టేపు చుట్టారు. ఆ సీటు ఆ ఒక్క ఒంటికే సరిపోతుంది; అతను జట్టు మారితే ఇంకొకరికి పనికిరాదు. నరైన్ తన జీవితంలో అలాంటి సీట్లు ఎన్ని పోయించుకుని, ఎన్ని వదిలేసి వచ్చి ఉంటాడో అని నాకు అప్పుడు అనిపించింది.

అతని తండ్రి జి.ఆర్. కార్తికేయన్ స్వయంగా ర్యాలీ డ్రైవరు కావడంతో ఇంట్లో ఈ వాసన ముందు నుంచే ఉంది. శ్రీపెరుంబుదూరులో ఫార్ములా మారుతి కార్లతో మొదలుపెట్టి, 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూలులో శిక్షణ పొంది, 1994లో బ్రిటన్ ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ గెలిచాడు. ఐరోపాలో రేసింగ్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయుడు అతనే. 1996లో ఫార్ములా ఆసియా టైటిల్ కూడా గెలిచాడు. ఆ తరువాత వచ్చిన బ్రిటిష్ ఫార్ములా త్రీ రోజులు నా దృష్టిలో అతని జీవితంలో అసలు పరీక్ష. ప్రపంచం నలుమూలల నుంచి ఫార్ములా వన్ ఆశతో వచ్చిన కుర్రవాళ్లంతా దాదాపు ఒకే రకం కార్లలో తలపడే చోటది. అక్కడ 'కారు బాగాలేదు' అనే సాకు ఎక్కువకాలం నడవదు. 1999లో బ్రాండ్స్ హ్యాచ్‌లో రెండుసార్లు గెలిచి, మరుసటి ఏడాది చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానం దక్కించుకున్నాడు.

2001 జూన్‌లో సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ జట్టు అతనికి పరీక్షగా కారు ఇచ్చింది. ఒక భారతీయుడు ఫార్ములా వన్ కారు నడపడం అదే తొలిసారి. అయితే అక్కడి నుంచి రేసు సీటు దాకా రావడానికి నాలుగేళ్లు పట్టింది. జపాన్‌లో ఫార్ములా నిప్పాన్, ఆపైన ఐరోపాలో నిస్సాన్ వరల్డ్ సిరీస్. అందులో గెలుపులున్నా, 2004కు మినార్డి నుంచి వచ్చిన అవకాశం స్పాన్సరు సొమ్ము పూర్తిగా సమకూరక చేజారింది. చివరకు టాటా సంస్థ అండతో జోర్డాన్‌లో సీటు ఖాయమై, 2005 మార్చి 6న మెల్‌బోర్న్‌లో తొలి రేసు నడిపాడు. వర్షం తారుమారు చేసిన క్వాలిఫయింగ్‌లో ఆ నత్త కారును పన్నెండో స్థానంలో నిలబెట్టడం చూసి, ఆ ఆదివారం ఎనిమిదిన్నరకు మొదలైన రేసు కోసం నేను ఉదయం టిఫిన్ కూడా మరిచిపోయాను. పదిహేనో స్థానంలో ముగించాడు. ఆ ఏడాది గడిచేసరికి ఆ సీటు కూడా పోయింది.

తరువాతి ఐదేళ్లు అతను దొరికిన ప్రతి స్టీరింగూ పట్టుకున్నాడు. ఫార్ములా వన్ జట్టు విలియమ్స్‌కు టెస్ట్ డ్రైవరుగా పనిచేశాడు. 2007 డిసెంబరులో చైనాలోని జుహాయ్‌లో ఎ1 గ్రాండ్ ప్రీ రేసు గెలిచి ఆ పోటీల్లో భారత జట్టుకు తొలి విజయం తెచ్చాడు. అమెరికాలో నాస్‌కార్ పోటీల్లో పికప్ ట్రక్కులు నడిపాడు. 2009లో ల మాన్ 24 గంటల రేసుకు ఆడీ కారు దొరికితే, రేసు మొదలయ్యే ముందు పిట్ గోడ మీంచి దూకబోతే భుజం కీలు తప్పింది. కారులో ఒక్క చుట్టూ నడపకుండానే అతని రేసు ముగిసింది. అదే కారును వంతులవారీగా నడపాల్సిన మిగతా ఇద్దరూ భారమంతా మోసి ఏడో స్థానం సాధించారు. దురదృష్టం అనే మాట నేను సాధారణంగా వాడను గానీ, ఇక్కడ వేరే మాట దొరకలేదు.

2011లో హెచ్‌ఆర్‌టి అనే స్పెయిన్ జట్టు ద్వారా మళ్లీ ఫార్ములా వన్‌లోకి వచ్చాడు. క్వాలిఫయింగ్ మొదటి భాగంలో అందరికంటే వేగంగా నమోదైన సమయానికి 107 శాతం లోపు చుట్టు పూర్తిచేయలేని కారును సాధారణంగా రేసుకు రానివ్వరు. ఆ జట్టు ఆ గీత దాటడమే గగనంగా ఉండేది. ఏడాది మధ్యలో పెద్ద జట్టు రెడ్ బుల్ తన కుర్ర డ్రైవరు డేనియల్ రికియార్డోకు అనుభవం రావాలని ఆ జట్టులో చోటు చూపించడంతో నరైన్ సీటు ఖాళీ చేయవలసి వచ్చింది. అయితే అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీకి మాత్రం అతన్ని మళ్లీ పిలిచారు. ఆ రోజు నరైన్ పదిహేడో స్థానంలో, సహచరుడైన రికియార్డో పద్దెనిమిదో స్థానంలో ముగించారు. ఆ రికియార్డోనే తరువాతి కాలంలో ఎనిమిది గ్రాండ్ ప్రీలు గెలిచాడు. ఒక్క రేసుతో ఎవరు గొప్పో తేల్చలేమన్నది నిజమే. కానీ నరైన్‌ను ఎగతాళి చేసేవారికి నేను చూపించే పట్టిక ఇదొక్కటే.

2012 మలేసియా రేసు చాలామందికి 'కీర దోసకాయ' గొడవగానే గుర్తుంది. చుట్టు వెనకబడిన నరైన్ కారును దాటేటప్పుడు రెండు కార్లూ తగులుకుని సెబాస్టియన్ వెటెల్ టైరు చీలిపోవడంతో, వెటెల్ కోపం పట్టలేక జర్మన్ టీవీతో మాట్లాడుతూ నరైన్‌ను కీర దోసకాయ అన్నాడు. నరైన్‌కు ఇరవై సెకన్ల శిక్ష కూడా పడింది. అదే రేసు మొదట్లో జరిగింది ఎవరికీ గుర్తు లేదు. చాలామంది తేలికపాటి వాన టైర్లతో బయలుదేరితే, హెచ్‌ఆర్‌టి మాత్రం భారీ వాన పడుతుందని జూదమాడి పూర్తి వాన టైర్లు వేసింది. వాన దంచికొట్టి రేసు ఆపేసిన సమయానికి, వారం కిందట మెల్‌బోర్న్‌లో క్వాలిఫై కూడా కాలేని ఆ కారు పదో స్థానంలో నిలబడి ఉంది. ఆ ఏడాది చివర హెచ్‌ఆర్‌టి జట్టే మూతబడింది.

అప్పటికి అతనికి ముప్పై ఐదేళ్లు. చాలామంది ఆ దశలో వ్యాఖ్యాతలో సలహాదారులో అవుతారు. అతను ఆటో జీపీ అనే పోటీల్లో ఒక సీజను నడిపి, 2014లో మళ్లీ జపాన్ వెళ్లి సూపర్ ఫార్ములాలో ఐదేళ్లు గడిపాడు. ఫార్ములా వన్ కార్లకు వేగంలో దగ్గరగా వచ్చే కార్లవి, అక్కడి డ్రైవర్లలో చాలామంది ఫుజీ, సుజుకా ట్రాక్‌లలో చిన్నప్పటి నుంచి పెరిగినవారు. 2019లో సూపర్ జీటీ అనే అక్కడి మరో పోటీకి మారి నకాజిమా జట్టు తరఫున హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపాడు. ఆ నవంబరు 24న ఫుజీలో జపాన్ సూపర్ జీటీ కార్లూ జర్మనీ డీటీఎం కార్లూ కలిసి పోటీపడిన డ్రీమ్ రేస్ రెండో పరుగును గెలిచాడు. అందులో హోండా, నిస్సాన్, లెక్సస్, ఆడీ, బీఎండబ్ల్యూ కార్లన్నీ ఉన్నాయి. అప్పుడతని వయసు 42. ఆ సంగతి నాకు తెలిసింది రెండు రోజుల తరువాత, ఆఫీసు బస్సులో ఫోను తిరగేస్తుంటే. పక్క సీటాయనకు చూపిస్తే, "ఇతను ఇంకా రేసులు ఆడుతున్నాడా?" అని అడిగాడు.