గెగెన్‌ప్రెస్ అందరికీ అచ్చిరాదు

కోచ్‌గా టీమ్‌ని నడిపే ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో రెడీమేడ్ ట్యాక్టిక్ వాడటం చీటింగ్ అనేవాళ్లతో నాకు పెద్ద పేచీ. డ్యూటీ నుంచి వచ్చి, తినేసి, పడుకునే ముందు గంటసేపు ఆడుకునేవాడు ప్రతి ప్లేయర్‌కీ రోల్, ఇన్‌స్ట్రక్షన్ కూర్చుని రాసుకోవాలా? విశాఖ ఎంవీపీ కాలనీలో కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుని ఇంట్లో అన్నం వండుకుంటే ఎవరైనా తప్పుపడతారా? పైగా 2019 ఎడిషన్ నుంచి గేమే ఇస్తోంది కదా, గెగెన్‌ప్రెస్ (బంతి పోగానే మీదపడి లాక్కోవడం), టికీ టాకా (చిన్న చిన్న పాస్‌లతో ఆడటం), కాటనాచియో (గట్టి డిఫెన్స్), రూట్ వన్ (పొడవాటి బంతులు నేరుగా ముందుకు కొట్టడం) అంటూ. ఈ ప్రీసెట్లలో ఒకటి నొక్కితే టెంపో, డిఫెన్స్ లైన్, ప్రెస్సింగ్ అన్నీ అవే సెట్ అయిపోతాయి.

గొడవంతా పేరు చూసి ఎంచుకోవడంలోనే.

గాజువాకలో మా పిన్ని కొడుకు ఉన్నాడు, వాడు ఇంగ్లండ్‌లో ఆరో అంచె అయిన నేషనల్ లీగ్ సౌత్ టీమ్ ఒకటి తీసుకుని నేరుగా గెగెన్‌ప్రెస్ పెట్టేశాడు. "అన్నయ్యా, ఫస్టాఫ్‌లో ఇరగదీస్తున్నాం, డెబ్బై నిమిషాలు దాటాక వరసగా గోల్స్ తింటున్నాం, గేమ్‌లో ఏదో బగ్ ఉంది" అని రాత్రి పదకొండింటికి ఫోన్. బగ్గూ లేదు గిగ్గూ లేదు. స్క్వాడ్ స్క్రీన్ తెరవమన్నాను. ఫుల్‌బ్యాక్‌లిద్దరికీ స్టామినా ఇరవైకి 9, వర్క్ రేట్ 8, సగం మంది పార్ట్‌టైమ్ ప్లేయర్లు. అరవయ్యో నిమిషానికే వాళ్ల పక్కన అలుపు చూపించే గుండె గుర్తు నారింజ రంగులోకి వచ్చేస్తుంటే వీడు మాత్రం లైన్ ఇంకా పైకి జరుపుతున్నాడు. మే నెలలో ఆర్కే బీచ్ ఇసుకలో ఆడినోడికి స్టామినా గురించి వేరే చెప్పాలా?

కోచ్ క్లోప్ లివర్‌పూల్ చేత అలా ఆడించాడంటే ఆ పరుగు పరిగెత్తే వాళ్లున్నారు కాబట్టి. కాటనాచియో సంగతీ అంతే. 1964, 65లలో యూరోపియన్ కప్ గెలిచిన కోచ్ హెరేరా ఇంటర్ మిలాన్ అంటే అందరికీ డిఫెన్సే గుర్తొస్తుంది గానీ, లెఫ్ట్‌బ్యాక్ నుంచి ముందుకెళ్లి గోల్స్ కొట్టే ఫాకెట్టి అందులోనే ఉన్నాడు. ప్రీసెట్ నొక్కితే ఫాకెట్టి రాడు.

మావాడికి డైరెక్ట్ కౌంటర్ ఎటాక్ (బంతి దొరకగానే నేరుగా ముందుకు దూసుకెళ్లడం) పెట్టించాను, ఎందుకంటే వాడి దగ్గర ఉన్న మంచి సరుకల్లా ముందు పరిగెత్తే ఇద్దరు కుర్రాళ్లే. ప్రెస్సింగ్ తగ్గించి లైన్ కిందికి దించాం. ట్యాక్టిక్స్ పెట్టుకోవడానికి మూడు స్లాట్లుంటాయి కాబట్టి గెగెన్‌ప్రెస్‌ని తీసెయ్యకుండా రెండోదాంట్లో ఉంచమన్నాను, ఒక గోల్ వెనకబడినప్పుడు ఆఖరి పావుగంటకి పనికొస్తుంది. ట్రైనింగ్‌లో టీమ్ ఆ ట్యాక్టిక్‌కి ఎంత అలవాటుపడిందో చూపించే ఫెమిలియారిటీ బార్ నిండేదాకా మాత్రం ఓపిక పట్టాలి, రెండు మ్యాచ్‌లు ఓడగానే మార్చేస్తే ఏదీ అబ్బదు.

నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకునే "అన్‌బీటబుల్" ట్యాక్టిక్స్ మాత్రం నాకు గిట్టవు. వాటిలో చాలావరకు మ్యాచ్‌ని నడిపించే ప్రోగ్రామ్, అంటే మ్యాచ్ ఇంజిన్‌లో కన్నం వెతికి కట్టినవే, ప్యాచ్ వస్తే ఆ కన్నం మూసుకుపోవచ్చు. అది పనిచేసినన్నాళ్లూ మనం కంటిన్యూ బటన్ నొక్కడమే తప్ప చేసే పనేం ఉండదు.

మావాడిప్పుడు 1-0, 1-0 అంటూ గెలుస్తున్నాడు. బోర్ కొడుతోందట, టికీ టాకాకి మారతాడట. మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురికీ పాసింగ్ 8.