జీబ్రా గీతల దగ్గర అమ్మ

అమ్మ వచ్చి మూడు వారాలైంది. పొద్దున్నే వాకింగ్ అంటూ నన్నూ లేపేస్తోంది. శనివారం కదా, ఇవాళైనా పడుకుందామనుకున్నాను. కుదర్లేదు.

అమెరికాలో, మేరీలాండ్ రాష్ట్రంలోని జర్మన్‌టౌన్‌లో మా ఇంటి నుంచి పార్కుకి వెళ్ళాలంటే ఆరు లేన్ల రోడ్డు దాటాలి. గుంటూరులో ఆటోల మధ్య నుంచి చెయ్యి అడ్డంపెట్టి దాటేసే మనిషి, ఇక్కడ మాత్రం స్తంభానికున్న బటన్ నొక్కి బుద్ధిగా నిలబడుతుంది. తెల్ల మనిషి బొమ్మ వెలిగాక బయల్దేరాం. సగం దూరం వచ్చేసరికి ఎర్ర చెయ్యి పక్కన అంకె 12. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పరిగెత్తలేదు. అటువైపు కాలు పెట్టేసరికి 2.

"ఈ అంకెలు ఎవరు పెడతారే? మాలాంటివాళ్ళని చూసే పెట్టారా?" అంది ఆయాసపడుతూ.

ఇంటికొచ్చాక మా ఆయన కాఫీ కలుపుతూ ఆ లెక్క చెప్పారు. ఆయన సివిల్ ఇంజనీరు, ఇలాంటివి అడిగితే చాలు. మనిషి సెకనుకి మూడున్నర అడుగులు నడుస్తాడనుకుని, రోడ్డు వెడల్పుని దాంతో భాగిస్తారట. ఇదివరకు నాలుగు అడుగులనుకునేవాళ్ళట, నెమ్మదిగా నడిచేవాళ్ళకి చాలడం లేదని తగ్గించారట. "మన కౌంటీ, అంటే జిల్లా లాంటిది, దాని రవాణా శాఖలో ఇలాంటి పనే పాతికేళ్ళు చేసిన తెలుగావిడ ఉంది అత్తయ్యా. ఇప్పుడు మేరీలాండ్‌కి లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నరు తర్వాత ఆవిడే" అన్నారు.

"ఎవరూ?"

"అరుణా మిల్లర్. పుట్టింటివాళ్ళు కాట్రగడ్డవాళ్ళు."

అంతే, అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఇంటిపేరు దొరికితే చాలు, మా అమ్మ ఊరు, బంధుత్వాలు, అడక్కూడనివి కూడా అల్లేస్తుంది. ఆపడానికి నేనే కథ మొదలుపెట్టాను.

హైదరాబాద్‌లో పుట్టింది. 1972లో, ఏడేళ్ళప్పుడు అమెరికా వచ్చింది. తండ్రి మెకానికల్ ఇంజనీరు. దిగిన రోజు మంచు పడుతుంటే, తనకి స్వాగతం చెప్పడానికి ఎవరో రంగు కాగితాలు చల్లుతున్నారనుకుందట, ఆవిడే చెప్పుకుంటుంది. మిస్సోరీలో సివిల్ ఇంజనీరింగ్ చదివింది. కౌంటీలో స్కూళ్ళ చుట్టుపక్కల రోడ్లు పిల్లలు భయం లేకుండా దాటేలా చూడటం ఆవిడ పనుల్లో ఒకటి.

నన్ను ఆపేసింది వేరే సంగతి. ఆవిడకి సిటిజన్‌షిప్ 2000లో వచ్చింది, అంటే వచ్చిన 28 ఏళ్ళకి. ఆ ఏడే మొదటి ఓటు. ఫ్లోరిడాలో 537 ఓట్లతో అధ్యక్షుడెవరో తేలిన ఎన్నిక అది. ఆ తర్వాత డెమోక్రాట్ల స్థానిక ఆఫీసులో వాలంటీరుగా చేరింది. 2010లో రాష్ట్ర ప్రతినిధుల సభకి గెలిచింది. మన లెక్కలో ఎమ్మెల్యే. ఇక్కడ అసెంబ్లీ ఏడాదికి 90 రోజులే, జనవరిలో మొదలై ఏప్రిల్‌లో అయిపోతుంది.

"2018లో కాంగ్రెస్‌కి పోటీ చేసింది" అన్నాను.

"ఇందాక వేరే పార్టీ అన్నావుగా?" అంది అమ్మ.

ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్లమెంటని అర్థమయ్యేలా చెప్పడానికి రెండో కాఫీ పట్టింది.

ఎందుకు పోటీ చేసిందంటే, పైకి కనిపించే కారణం ఖాళీ. మా ఆరో నియోజకవర్గం కాంగ్రెస్ సభ్యుడు జాన్ డెలానీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని సీటు వదిలేశాడు. రెండోది ఇంకా గట్టిది: అప్పట్లో మేరీలాండ్ నుంచి వాషింగ్టన్‌కి వెళ్ళిన ఇద్దరు సెనేటర్లు, ఎనిమిదిమంది సభ్యులు, పదికి పదిమందీ మగవాళ్ళే. నాకు మాత్రం ఇంకోటి అనిపిస్తుంది. రోడ్డు పని చేసినవాళ్ళకి డబ్బు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. రోజూ నేను ఇరుక్కునే 270 హైవే సంగతి కౌంటీ బల్ల మీద తేలదు. కొంత రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌లో, కొంత వాషింగ్టన్‌లో. ఒక్కో బల్లా దాటుకుంటూ పైకి వెళ్ళాలనిపించడంలో ఆశ్చర్యం ఏముంది?

గెలవలేదు. ఎదురుగా నిలబడ్డ వైన్ షాపుల వ్యాపారి డేవిడ్ ట్రోన్ ఒక్క ప్రైమరీకే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకే, కోటి డాలర్లకి పైగా సొంత డబ్బు పోశాడు. ఆయనకి 40 శాతం, ఈవిడకి 31 శాతం దాకా. (అదే ట్రోన్ 2024లో సెనేట్ ప్రైమరీకి ఆరు కోట్లకి పైగా పెట్టి ఓడిపోయాడు. అదే ఏడు ఈ ఆరో సీటు డెలానీ భార్యకి వచ్చింది. "భార్యకా! ఇక్కడా అంతేనా?" అని అమ్మ తెగ సంబరపడింది.)

"నువ్వు వేశావా ఆవిడకి?" అని అడిగింది అమ్మ.

వెయ్యలేదు. ఓటరుగా నమోదైనప్పుడు పార్టీ అన్న చోట "ఏదీ కాదు" అని టిక్ పెట్టాను. మనకెందుకొచ్చిన గొడవ అని. మేరీలాండ్‌లో పార్టీ ప్రైమరీలో ఆ పార్టీ కింద నమోదైనవాళ్ళే ఓటెయ్యాలని, 2018 జూన్ 26 దగ్గరపడ్డాక గానీ తెలియలేదు. అప్పటికి పార్టీ మార్చుకునే గడువు దాటిపోయింది. ఆవిడ ఫొటో ఉన్న కరపత్రం నెల్లాళ్ళు ఫ్రిజ్ మీద ఉంది. పక్కన పిల్లదాని స్విమ్మింగ్ క్లాసు టైమింగులు. క్లాసు ఒక్కటీ మిస్ కాలేదు.

నాలుగేళ్ళ తర్వాత, గవర్నరుగా (మన లెక్కలో ముఖ్యమంత్రి) పోటీ చేసిన వెస్ మూర్‌తో కలిసి నిలబడి గెలిచింది. 2023 జనవరి 18న భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. 2022 నవంబరు ఎన్నికలో మాత్రం నేను ఓటేశాను, అప్పుడు పార్టీతో పనిలేదు కదా.

ఇప్పటికీ నా కార్డులో పార్టీ లేదు. మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో ఆ ఫారం తెరిచాను. డ్రైవింగ్ లైసెన్సు నంబరు అడిగింది, పర్సు కారులో ఉంది. తర్వాత చూద్దాంలే అనుకుంటుండగా వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. గుంటూరులో పిన్నికి ఫోన్.

"అవునే, మన కాట్రగడ్డవాళ్ళమ్మాయే. ఇక్కడ గవర్నరు! వీళ్ళింటి ముందు రోడ్డు లైట్లు కూడా ఆవిడే పెట్టించిందట."

"లెఫ్టినెంట్ గవర్నరమ్మా! లైట్ల సంగతి ఎవరన్నారు?" అని అరిచాను.

చెయ్యి ఊపి తలుపేసుకుంది.