ఎంసెట్ ర్యాంకుకీ నర్సింగ్ సీటుకీ మధ్య

బీఎస్సీ నర్సింగ్ సీటు పరీక్ష హాల్లో చేజారడం తక్కువే. ర్యాంకు చేతికొచ్చాకే ఎక్కువమందికి చేజారుతుంది. పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇంకా ఎంసెట్ అనే అంటున్నాం కాబట్టి ఇక్కడా అలాగే అనుకుందాం. ఆ ఎంసెట్ ఎండాకాలంలోనే అయిపోతుంది. నర్సింగ్ కౌన్సెలింగ్ మాత్రం ఎంబీబీఎస్ సీట్ల హడావుడి సాగుతుండగానో, ఆ తర్వాతో మొదలవుతుంది. ఈ నడుమ నెలల్లో పిల్లలు డిగ్రీలో చేరిపోతారు, ఒరిజినల్స్ అక్కడ ఇచ్చేస్తారు, సిమ్ మార్చేస్తారు, నోటిఫికేషన్ వచ్చిన సంగతి చివరి తేదీ దాటాక తెలుస్తుంది. అందుకే ఈ పోస్టులో చదువు గురించి కొంచెం, కాగితాల గురించి ఎక్కువ ఉంటుంది. ప్రధానంగా తెలంగాణ లెక్క చెబుతున్నా. ఇక్కడ కౌన్సెలింగ్ వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీది. ఆంధ్రాలో విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ చూస్తుంది. అక్కడ ఏ పరీక్ష ర్యాంకు తీసుకుంటారన్నది ఆ ఏటి నోటిఫికేషన్ చూసి నమ్మండి, పోయినేడు చేరిన సీనియర్ మాట మీద కాదు.

ముందు అర్హత. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. బడిలో ఒక ఏడాది ముందే వేసిన పిల్లలు ఇక్కడ ఇరుక్కుంటారు, ఎంత ర్యాంకు వచ్చినా లాభం లేదు. గరిష్ఠ వయసు 35. ఇంటర్ బైపీసీలో 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం. ఈ శాతం మెమోలోని వెయ్యి మార్కుల మీద కాదు. తెలుగు, సంస్కృతం పక్కన పెట్టి సైన్సు చూస్తారు. తెలంగాణ బోర్డు లెక్కలో నాలుగు సైన్సు సబ్జెక్టులకు మొదటి ఏడాది 240, రెండో ఏడాది 240, ప్రాక్టికల్స్ 120, మొత్తం 600. అందులో 45 శాతమంటే 270, 40 శాతమంటే 240. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలో ఇంగ్లిష్ కూడా ఉంది కాబట్టి దాన్ని కలిపి 800కి 360 అన్న లెక్క కూడా వేసుకుని, రెండింట్లోనూ దాటారో లేదో చూసుకోండి. ఇంగ్లిష్ పాస్ కావడం ఎలాగూ తప్పనిసరి. సైన్సు సబ్జెక్టులతో ఓపెన్ స్కూల్లో ఇంటర్ చేసినవాళ్లకూ దారి ఉంది. బైపీసీ కాకుండా వేరే గ్రూపులో చదివినవాళ్లకు బీఎస్సీ కుదరదు, మూడేళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) ఉంది. దానికి ఇంగ్లిష్‌తో ఇంటర్ 40 శాతం చాలు. జీఎన్ఎం చేసినవాళ్లు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చు, కాబట్టి అది గోడ కాదు, చుట్టుదారి.

పరీక్ష విషయానికొస్తే, బైపీసీ ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే మార్కు కోయరు. అంటే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. ఈ మాట అందరికీ తెలుసు, అయినా ఆఖరి పది నిమిషాలు ఒకే ఫిజిక్స్ లెక్క మీద కూర్చుని ఇరవై ప్రశ్నలు తాకకుండా బయటికి వచ్చేవాళ్లు ఉంటారు. జీవశాస్త్రం 80 ప్రశ్నలు 55 నిమిషాల్లో, కెమిస్ట్రీ 45 నిమిషాల్లో, ఫిజిక్స్ గంటలో ముగిస్తే ఇంకా 20 నిమిషాలు మిగులుతాయి. ర్యాంకు రావాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు దాటాలి. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం లేదు.

నర్సింగ్ కోసమే రాసేవాళ్లు ఎక్కడ సమయం పెట్టాలంటే, నా లెక్కన ముందు జువాలజీ రెండో ఏడాది పుస్తకం. జీర్ణక్రియ, శ్వాస, రక్తప్రసరణ, విసర్జన, కండరాలు, నాడీవ్యవస్థ, అంతస్స్రావ గ్రంథులు, రోగనిరోధకం, ప్రత్యుత్పత్తి. ఈ పాఠాలు ఎంసెట్‌లో మార్కులు తెస్తాయి, మళ్లీ మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ పేరుతో ఎదురొస్తాయి. ఒకసారి పడ్డ కష్టానికి రెండుసార్లు ఫలితం. తెలుగు అకాడమీ పుస్తకం లైను లైనూ చదవండి, బొమ్మల కింద రాసిన పేర్లతో సహా. ఫిజిక్స్ మొత్తం పట్టుకోవాలని చూడకండి. యూనిట్లు డైమెన్షన్లు, ఉష్ణం, కరెంట్ ఎలక్ట్రిసిటీ, సెమీకండక్టర్లు లాంటి సూత్రం పెడితే తేలిపోయే పాఠాలు గట్టి చేసుకుంటే చాలు. ఎంబీబీఎస్ పోటీ లాంటిది కాదు ఇది, జీవశాస్త్రం గట్టిగా ఉండి ఫిజిక్స్ సగం వచ్చినా పోటీలో ఉంటారు.

ఎయిమ్స్ మీద ఆశ ఉన్నవాళ్లకు వేరే పరీక్ష. బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్‌కి ఎయిమ్స్ తనే పెడుతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ముప్ఫయ్యేసి, జనరల్ నాలెడ్జ్ పది, మొత్తం వంద. ఇక్కడ తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది, కాబట్టి ఎంసెట్ అలవాటుతో అన్నిటికీ ఏదో ఒక జవాబు పెట్టేస్తే మునిగిపోతారు. అర్హత కూడా ఎక్కువ, 55 శాతం, ఎస్సీ ఎస్టీలకు 50. సైన్యంలో మిలిటరీ నర్సింగ్ అమ్మాయిలకే, దానికి నీట్ స్కోరు కావాలి. పుదుచ్చేరి జిప్మర్‌కూ నీటే. తెలంగాణలో కన్వీనర్ సీటుకి, అంటే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద ఇచ్చే సీటుకి నీట్ అక్కర్లేదు.

ఇక అసలు సంగతి, నడుమ నెలలు. ఏడాది పోతుందన్న భయంతో దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల్లో) డిగ్రీ సీటు తీసుకోవడం తప్పు కాదు. కానీ ఆ కాలేజీ టీసీ, ఇంటర్ మెమో ఒరిజినల్స్ తీసుకుంటుంది. నర్సింగ్ సీటు వచ్చిన రోజున అవి వెనక్కి రావాలంటే ఫీజు బాకీ అనో, ప్రిన్సిపాల్ ఊళ్లో లేరనో ఆలస్యమవుతుంది. రిపోర్టింగ్‌కి ఇచ్చే గడువు రోజుల్లోనే ఉంటుంది. అందుకే చేరేటప్పుడే ప్రతి ఒరిజినల్‌నీ రంగుల్లో స్కాన్ చేసి దాచుకోండి, అయిదు సెట్లు జిరాక్స్ తీయండి, ఒరిజినల్స్ మా దగ్గరున్నాయని కాలేజీ లెటర్‌హెడ్ మీద కస్టోడియన్ సర్టిఫికెట్ తీసుకోండి. దరఖాస్తులో అది అప్‌లోడ్ చేయడానికి పనికొస్తుంది, కాలేజీలో చేరడానికి మాత్రం ఒరిజినలే కావాలి. ఇంకో చిక్కు స్కాలర్‌షిప్. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల సైటు ఈపాస్‌లో డిగ్రీ మీద ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి దరఖాస్తు పెట్టేసి ఉంటే, నర్సింగ్‌లో చేరాక కొత్తది ముందుకు కదలదు. పాతది డిగ్రీ కాలేజీ నుంచే రద్దు చేయించాలి. నర్సింగ్ ఖాయంగా కావాలనుకునేవాళ్లు డిగ్రీలో ఆ దరఖాస్తు తొందరపడి పెట్టకపోవడమే మంచిది. డిగ్రీలో ఒకటి రెండేళ్లు చదివి ఇటు వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అక్కడి బోటనీ జువాలజీ మార్కులకు ఇక్కడ విలువ లేదు, మొదటి సెమిస్టర్ నుంచే మొదలు.

ఫైలు ఎలా ఉండాలి? అన్నిటికీ పునాది టెన్త్ మెమో. పుట్టిన తేదీ, పేరు, ఇంటిపేరు అందులో ఎలా ఉంటే అలాగే మిగతావన్నీ ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి మెమోలో పొడి అక్షరమే ఉన్నా, పేరు చివర ఒక అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే ఆధార్ మార్పించుకోండి. ఇదే పేరు నాలుగేళ్ల తర్వాత నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లోకీ, పాస్‌పోర్టులోకీ వెళ్తుంది. గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లేటప్పుడు ఆ ఒక్క అక్షరం నెలల పని పెడుతుంది.

ఇంటర్ మెమో, ఎంసెట్ హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, టీసీ సరే. ఎక్కువ తిప్పలు పెట్టేది ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. స్థానికత తేలేది వీటి మీదే. మధ్యలో ఏ ఒక్క ఏడాదీ తప్పిపోకూడదు. చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి ఆఫీసులో రికార్డు అడగాలి, అది ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఇంటర్ విజయవాడలోనో గుంటూరులోనో హాస్టల్లో ఉండి చదివిన తెలంగాణ పిల్లలు స్థానికత నిబంధన ప్రతి పదం చదువుకోవాలి. నాన్‌లోకల్ అని తేలితే ఆ ర్యాంకుకి విలువే మారిపోతుంది.

కులం సర్టిఫికెట్ మీసేవ నుంచి తీసిందే ఉండాలి. బీసీలకు ఏ, బీ, సీ, డీ, ఈల్లో ఏ గ్రూపో స్పష్టంగా కనిపించాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లో ఉంది కాబట్టి ఎస్సీలు తమ సర్టిఫికెట్ మీద గ్రూపు ఉందో లేదో చూసుకుని, లేకపోతే కొత్తది తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానికే, పోయినేడాదిది పనికిరాదు. ఆదాయం సర్టిఫికెట్ కూడా తాజాది పెట్టుకోండి. చదువు మధ్యలో ఆగిన ఏడాది ఉంటే గ్యాప్ సర్టిఫికెట్.

దరఖాస్తు నెట్ సెంటర్లో చేయించడంలో తప్పు లేదు, కానీ ఫోన్ నంబరూ మెయిలూ మీవే ఇవ్వండి. ఓటీపీ వాళ్ల ఫోన్‌కి వెళ్లిందంటే వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో వరసగా పెట్టడం కూడా వాళ్ల దయే. ఫోన్‌తో ఫొటో తీసి నీడలు పడ్డ కాగితాలు అప్‌లోడ్ చేస్తే పరిశీలనలో వెనక్కి కొడతారు. దరఖాస్తు ఏ స్థితిలో ఉందో రెండు రోజులకొకసారి మీరే చూసుకోవాలి.

వెబ్ ఆప్షన్ల దగ్గర జరిగే పొరపాటు ఒకే రకం. నా ర్యాంకుకి ఇవే వస్తాయి అనుకుని నాలుగైదు కాలేజీలు పెట్టి ఊరుకుంటారు. పెట్టని కాలేజీ ఎలాగూ రాదు. పెట్టినవాటిలో పైనుంచి చూస్తూ మీ ర్యాంకుకి అందే మొదటిది ఇస్తారు. కాబట్టి వరస మీ ఇష్టం ప్రకారమే ఉండాలి, వస్తుందా రాదా అన్న అనుమానం ప్రకారం కాదు. పైన ఆశ, మధ్యలో నమ్మకం, అడుగున వస్తే చేరతాను అనుకునేవి. చచ్చినా చేరను అనుకునే కాలేజీ మాత్రం పెట్టొద్దు. సీటు వచ్చి చేరకపోతే తర్వాతి విడతల్లో ఏమవుతుందో నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. మొదటి విడతలో చేరి రెండో విడతలో పైకి మారితే పాత సీటు ఆటోమేటిక్‌గా వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, మళ్లీ అదే కావాలంటే దొరకదు. కాబట్టి రెండో విడత ఆప్షన్లలో ఇప్పుడున్న కాలేజీ కంటే నిజంగా మెరుగైనవే పెట్టండి.

కాలేజీ మంచిదో కాదో భవనం చూసి తేల్చకండి. ముందు హెల్త్ యూనివర్సిటీ అనుబంధం, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సైట్లో ఆ విద్యా సంవత్సరం జాబితాలో పేరు, ఈ మూడూ చూడండి. నిబంధన ప్రకారం సొంతంగా వంద పడకల ఆసుపత్రి ఉండాలి. ఉదయం పది గంటలకు ఆ ఆసుపత్రికి వెళ్లి ఓపీలో జనం ఉన్నారా, వార్డుల్లో పడకలు నిండాయా, నర్సింగ్ విద్యార్థులు పని చేస్తున్నారా లేక గోడకు ఆనుకుని నిలబడ్డారా చూడండి. కాన్పులు ఎన్ని జరుగుతాయో అడగండి, ఎందుకంటే మిడ్‌వైఫరీ కేస్‌బుక్ (కాన్పుల కేసులు రాసే పుస్తకం) నిండాలి. అక్కడ జరగకపోతే పోస్టింగ్‌కి (ఆసుపత్రి శిక్షణకి) ఎక్కడికి పంపుతారో, బస్సు ఖర్చు ఎవరిదో అడగండి. సైకియాట్రీ పోస్టింగ్‌కి జిల్లాల నుంచి పిల్లలు ఎర్రగడ్డకో విశాఖకో వెళ్లి ఉండాల్సి వస్తుంది, ఆ బస ఖర్చు ఫీజు కాగితంలో కనిపించదు. యూనిఫాం, తప్పనిసరి హాస్టల్, ల్యాబ్ ఫీజు కూడా అంతే. చేరేముందే మొత్తం నాలుగేళ్లకు రాసి ఇవ్వమనండి.

బెంగళూరులో డైరెక్ట్ అడ్మిషన్ అంటూ ఫోన్లు చేసే కన్సల్టెన్సీల సంగతి. కర్ణాటకలో మంచి కాలేజీలు చాలా ఉన్నాయి, ఇబ్బంది ఊరితో కాదు. ప్రవేశ పరీక్ష అక్కర్లేదు, హాజరు అక్కర్లేదు అని ఎవరైనా చెబితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. నర్సింగ్‌లో పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు కావాలి, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగ్ నూటికి నూరు శాతం పూర్తి కావాలి. డబ్బు కట్టేముందు కాలేజీ పేరుతో రసీదు వస్తుందో, ఏజెంటు ఖాతాకి పంపమంటున్నారో గమనించండి.

సీటు వచ్చాక తరగతులు మొదలయ్యేలోపు చేసుకోవాల్సినవి కొన్ని. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి రెండోది, మొదటిది వేసిన ఆరు నెలలకి మూడోది. వార్డులోకి వెళ్లాక మొదలుపెడితే రక్షణ రాకముందే సూదులు ముట్టుకుంటారు. తెలుగు మీడియం నుంచి వచ్చేవాళ్లు జువాలజీ పాఠాలనే ఇంగ్లిష్ పుస్తకంలో మరోసారి చదివితే మొదటి నెల బెదురు పోతుంది. లెక్కల్లో రెండే కావాలి, మిల్లీగ్రాముల్ని మైక్రోగ్రాముల్లోకి మార్చడం, డ్రిప్ చుక్కల లెక్క. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, సెలైన్ గొట్టం సెట్ మిల్లీలీటరుకి 20 చుక్కలు వేసేదైతే, 500 ఇంటూ 20 బై 240 నిమిషాలు, అంటే నిమిషానికి 42 చుక్కలు. సెట్ 15 చుక్కలదైతే 31 అవుతుంది, అందుకే సెట్ కవరు మీద అంకె చూడకుండా లెక్క మొదలుపెట్టకూడదు. చుక్కలు లెక్కపెట్టడానికీ నాడి చూడటానికీ సెకన్ల ముల్లు ఉన్న మామూలు చేతి గడియారం ఒకటి కొనుక్కోండి. వార్డులో ఫోన్ తీయనివ్వరు.