ఎదురుకాళ్ల బిడ్డ, ఇంగ్లండ్ కాన్పు

ఇంగ్లండ్‌లో డాక్టర్లు "ఇలా చేసేద్దాం అమ్మా" అనరు. ఉన్న దారులన్నీ చెప్పి, చేతిలో ఓ కాగితం పెట్టి, ఆలోచించుకుని చెప్పండి అంటారు. మా పాప కడుపులో తల పైకి పెట్టుకుని కూర్చుందని 36వ వారం స్కాన్‌లో తేలినప్పుడు మాకు పెద్ద టెన్షన్ అదే. రాజమండ్రిలో అయితే డాక్టరమ్మ చెప్పేస్తుంది, మనం తలూపేస్తాం.

నెలలు నిండకముందు బిడ్డ అలా ఉండటం మామూలే. చాలామంది వాళ్లంతట వాళ్లే తిరుగుతారు, చివరికి నూటికి ముగ్గురో నలుగురో ఉండిపోతారు. వాళ్లను పొట్ట మీంచి చేతులతో తిప్పి చూడొచ్చు, ముందే రోజు అనుకుని సిజేరియన్ చేయించుకోవచ్చు, లేదా అలాగే మామూలు కాన్పుకు వెళ్లొచ్చు. ఈ చివరిదానికి చెయ్యి తిరిగినవాళ్లు దగ్గరుండాలి. ఇలాంటి బిడ్డకు సిజేరియనే క్షేమమని 2000లో 'లాన్సెట్' పత్రికలో ఓ పెద్ద అధ్యయనం వచ్చాక, ఆ కాన్పులు చేసే అలవాటే చాలాచోట్ల తగ్గిపోయింది.

మేం తిప్పించడానికే ఒప్పుకున్నాం. సుమారు సగం మందికి ఫలిస్తుందట. గర్భసంచి వదులవడానికి ఇంజక్షన్ ఇస్తారు, బిడ్డ గుండె చప్పుడు ముందూ తర్వాతా చూస్తారు. 200 మందిలో ఒకరికి అప్పటికప్పుడు సిజేరియన్ అవసరం పడొచ్చు కాబట్టి ఆసుపత్రిలోనే చేస్తారు. నెగెటివ్ బ్లడ్ గ్రూపు వాళ్లకు యాంటీ-డి (బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసినా ముందుముందు ఇబ్బంది రాకుండా ఇచ్చే ఇంజక్షన్) కూడా ఇస్తారు. నా పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా తగిలే తల డాక్టర్ చేతుల కింద జానెడు జరిగింది. చేతులు తీయగానే మళ్లీ యథాస్థానం! నొప్పి మాత్రం కాగితంలో రాసిన 'కొంత అసౌకర్యం' కంటే బాగా ఎక్కువ.

ఇక సిజేరియనే. 39వ వారంలో అనగానే మామయ్యగారు పంచాంగం చూసి వాట్సాప్‌లో రెండు ముహూర్తాలు పంపారు. ఒకటి ఆదివారం, ఇంకోటి తెల్లవారుజామున. ఆసుపత్రి వాళ్లిచ్చింది మంగళవారం. అదీ మధ్యలో ఎమర్జెన్సీ వస్తే వెనక్కి జరుగుతుందన్నారు. పుట్టిన టైమ్ రాసి పంపితే జాతకం మీరే చూసుకోండి మామయ్యా అన్నాను. మా ఆయన్ని థియేటర్‌లోకి రానిచ్చారని విని అత్తయ్య ఆశ్చర్యపోయారు.

అసలు వాదన ఇంటికొచ్చాక మొదలైంది. 36 వారాలకు ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డ తర్వాత తిరిగినా సరే, పుట్టిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య తుంటి స్కాన్ చేస్తారిక్కడ. ఇలాంటి పిల్లల్లో తుంటి కీలు సరిగా కుదురుకోకపోయే అవకాశం ఎక్కువ. అమ్మేమో కాళ్లు చాపుకుని కూర్చుని, పాపను వాటి మీద పడుకోబెట్టి నూనె రాసి, కాళ్లు లాగి, మెత్తటి పాత చీర ముక్కలో బిగించి చుట్టేది. నూనెకి మిడ్‌వైఫ్ ఏమీ అనలేదు. కాళ్లు లాగొద్దు, తిన్నగా బిగించి కట్టొద్దు, మోకాళ్లు ముడుచుకుని విప్పుకునేలా వదులుగా చుట్టండి అంది. అమ్మ ముఖం ముడుచుకుంది. మెడ నిలిచాక చంకనెత్తుకోవడం తుంటికి మంచిదే అని విన్నాక కాస్త తేరుకుంది.

స్కాన్‌లో అంతా బాగుంది. మీ బిడ్డ ఎక్కడ పుట్టినా, ఎదురుకాళ్లతో ఉందని తెలిస్తే ఈ స్కాన్ సంగతి డాక్టర్‌ని నోరు తెరిచి అడగండి.

మా పెదనాన్న మాత్రం ఎప్పుడొస్తున్నారని పోరుతున్నాడు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుం నొప్పి పోతుందని ఆయన నమ్మకం. సిజేరియన్‌లో పుట్టిన ఎదురుకాళ్లు పనికొస్తాయా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.