ఆ ప్లేటు ముందు

అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పేరు మీదున్న ప్లేటు దగ్గర ఆగిపోయాను. పింగాణీతో చేసిన గులాబీ రంగు లేసు, పొరలు పొరలుగా, ముట్టుకుంటే నలిగిపోతుందేమో అన్నంత సున్నితంగా ఉంది.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో, కళాకారిణి జూడీ షికాగో చేసిన 'ది డిన్నర్ పార్టీ' అనే కళాకృతిని ఇవాళే మొదటిసారి చూశాను. త్రికోణపు బల్ల, చరిత్రలోని 39 మంది ఆడవాళ్ళకి తలా ఒక ప్లేటుతో 39 చోట్లు, కింద తెల్లటి పలకల మీద బంగారు అక్షరాల్లో ఇంకో 999 పేర్లు. చాలా పేర్లు నేనెప్పుడూ విననే లేదు, అదే బాధేసింది.

కుట్టుపనిని, పింగాణీ మీద బొమ్మలు వేయడాన్ని ఆడవాళ్ళ కాలక్షేపం అని పక్కన పెట్టేస్తే, ఆవిడ వాటితోనే 1974 నుంచి 1979 దాకా వందల మందిని కలుపుకుని ఇంత పని చేసింది. జనం ఎగబడి చూసినా మ్యూజియాలు వెనకడుగు వేశాయి. దీనికంటూ శాశ్వతంగా ఒక చోటు దొరికేసరికి 2007 వచ్చింది!

ఇంటికొచ్చి అమ్మమ్మ కుట్టిన దిండుగలీబు బయటికి తీశాను. ఏ మూలైనా తన పేరు కుట్టుకుందేమో అని వెతికాను. లేదు.