గని రాకముందే బావి నీళ్లకు లెక్క రాసుకున్నాం

పల్నాడులో నాగులేటికి దగ్గరలో ఉన్న మా ఊరి పక్కన సున్నపురాయి గనికి పర్యావరణ అనుమతి ఇవ్వడం కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని పత్రికలో ప్రకటన వచ్చినప్పుడు, ఊళ్లో ఎక్కువమంది దుమ్ము గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నారు. నా దిగులంతా నీళ్ల మీదే ఉండేది. మా నేలలోని సున్నపురాయిలో నీరు ఇసుక పొరలో ఉన్నట్టు అంతటా సమంగా ఉండదు. రాతి పొరల సందుల్లోనూ, నీరే కరిగించుకున్న బొరియల్లోనూ దాగి ఉంటుంది. అందుకే ఒక చేలో రెండించుల నీళ్లు పోసే బోరు ఉంటే, గట్టు అవతల వేసిన బోరులో రాతిపొడి తప్ప ఏమీ రాదు. ఇలాంటి చోట నీటిమట్టం కంటే లోతుకు తవ్వి, గోతిలో ఊరిన నీళ్లను మోటార్లతో తోడిపోస్తే, ముందు ఎవరి బావి ఎండుతుందో చెప్పడం కష్టం.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. గని వల్ల పర్యావరణానికి కలిగే ప్రభావాన్ని అంచనా వేసే ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు వంటి చోట్ల జనం చూసేందుకు ఉంచాలి. తెలుగు సారాంశంలో నీటి గురించి ఒక్క పేరాయే ఉంది. అసలు సంగతి ఇంగ్లీషు నివేదికలోని భూగర్భ జలాల అధ్యాయంలో ఉంది. గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నీటి నమూనాలు తీసిన చోట్లను చూపే పటంలో, వాలుకు దిగువన ఉన్న మా బావుల వైపు ఒక్క గుర్తూ లేదు. పైగా నమూనాలన్నీ ఒకే ఋతువులో తీసినవి. వానాకాలం కాని ఒక ఋతువు వివరాలు చాలని నిబంధనలు చెబుతాయి గానీ, నీటి విషయంలో అది ఏ మూలకూ చాలదని నా అభిప్రాయం.

కాబట్టి సభకు ముందే మా కొలతలు మేమే తీయడం మొదలుపెట్టాం. భూగర్భ జల శాఖలో పనిచేసి రిటైరైన మా మేనమామ పద్ధతి నేర్పాడు. బావి ఒరపై ఎర్రరంగుతో ఒక గీత గీసి, ప్రతిసారీ అక్కడి నుంచే కొలవాలి. టేపు చివర బరువుకు ఇనుప నట్టు కట్టి, చివరి మీటరు పొడవునా సుద్ద పూసి దించితే, తడిసిన మేరకు సుద్ద రంగు మారి నీటిమట్టం తేటగా తెలుస్తుంది. చుట్టుపక్కల మోటార్లు వేయకముందే, తెల్లవారుజామున కొలవాలి. పరీక్షకు పట్టేది బోరు నీళ్లయితే కాసేపు బయటికి పోనిచ్చి, సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి.

పరీక్షల్లో నేను పట్టుబట్టి చేయించింది నైట్రేటు. గనిలో పేల్చే మందులో అమ్మోనియం నైట్రేటు ఉంటుంది. మేము మిరప చేలకు వేసే యూరియా కూడా చివరికి నైట్రేటుగానే నీళ్లలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణం చెబుతుంది. గని రాకముందు ఎంత ఉందో కాగితం మీద లేకపోతే, రేపు పెరిగినప్పుడు తప్పంతా యూరియా మీదికే పోతుంది.

సభలో ఆవేశపడకుండా, కోరికలన్నీ రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను: వాలు దిగువన పీజోమీటరు, అంటే నీటిమట్టం కొలిచేందుకే వేసే సన్నని బోరు, వేయాలి, మట్టి దిబ్బల కింద అడ్డుగోడ, గని చుట్టూ కాలువ, అది కలిసేచోట మడ్డి దిగే చెరువు కట్టాలి, అనుమతి లేకుండా నీటిమట్టం కిందికి తవ్వరాదు. సభ చివర మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలన్నది నిబంధన. చదివినప్పుడు నా కోరికలన్నీ కలిపి ‘నీటిని కాపాడాలని కోరారు’ అన్న ఒక్క వాక్యంలో తేల్చేశారు. లేచి అభ్యంతరం చెప్పాను. అధ్యక్షత వహించిన అధికారి, ఆయన మేలు మరువలేను, నా కాగితంలోని అంశాలను ఒక్కొక్కటిగా రాయించారు. అనుమతి పత్రంలో వాటిలో చాలామటుకు షరతులయ్యాయి. ఏడాదికి నాలుగుసార్లు, అంటే మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో మా బావుల మట్టం కూడా కొలవాలన్నది వాటిలో ఒకటి. గోతి నీళ్లు తోడటానికి మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద భూగర్భ జల శాఖ అనుమతి వేరే ఉండాలి.

షరతు రాయడం ఒక ఎత్తు, అమలు మరో ఎత్తు. మొదటి వానకే చెరువు పూడి, పాలలాంటి నీళ్లు వాగులో కలిశాయి. తేదీ కనబడేలా ఫోటోలు తీసి కాలుష్య నియంత్రణ మండలికి పంపాక పూడిక తీశారు. కంపెనీ ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి ఇవ్వాల్సిన అమలు నివేదికను తెప్పించి చూస్తే, మా బావి మే నెల కొలత కిందటేడు అంకెతో దశాంశాల వరకూ సరిపోయింది. ఆ ఏడు మా పుస్తకంలో మాత్రం నీళ్లు మీటరుకు పైగా కిందికి దిగాయి. రెండు కాగితాలూ పక్కపక్కన జతచేసి రాసిన ఉత్తరం తర్వాత, కొలత రోజున రైతు ఒకరు ఉండి ఇద్దరూ సంతకం చేసే పద్ధతి వచ్చింది. కొలతను తెల్లవారుజామునే తీయాలన్న మా మాటకు మాత్రం కంపెనీవారు ఇంకా ఒప్పుకోలేదు. దాని మీద రెండో ఉత్తరం మండలి దగ్గర ఉంది.