గోల్ కొట్టింది వాడు, ఏడ్చేది వీళ్ళు

గిన్నెలు సర్దడం అయింది, రేపటికి పప్పు నానబోశాను, ఈయన గురక కూడా మొదలైంది. నాకే నిద్ర పట్టట్లేదు. ఎందుకంటే చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది: టీవీలో ఐస్ హాకీ వ్యాఖ్యాతల వల్ల.

మావాడి పుణ్యమా అని చలికాలమంతా మా ఇంట్లో నడిచేది హాకీయే అని మీకు తెలిసిందే. ఈ సీజన్లో వాడి దేవుడు మారాడు. టొరంటో జట్టుని వదిలేసి (పక్కింటివాళ్ళ ముందు ఈ మాట అనకూడదు) న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు వెంట పడ్డాడు. అంతా మాథ్యూ షేఫర్ కోసం. ఎవరో కాదు, ఇక్కడ కెనడాలో మాకు దగ్గర్లోని హామిల్టన్ కుర్రాడే. 2007 సెప్టెంబర్ 5న పుట్టాడు. ఇంకో 11 రోజులు ఆలస్యంగా పుట్టుంటే 2025 డ్రాఫ్టుకి (జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం లెండి) వయసే చాలేది కాదు. ఈ సంగతి మావాడు పెళ్ళిచూపుల్లో జాతకం చదివినట్టు వచ్చినవాళ్ళందరికీ చదువుతాడు.

నాకు హాకీలో సగం రూల్సు ఇప్పటికీ అర్థం కావు. కానీ ఆ పిల్లాడు ఆడుతుంటే మాత్రం కూర తరగడం ఆపి చూస్తాను. ఉండాల్సింది వెనకాల, డిఫెన్స్‌లో. ఉండేది మాత్రం ఎక్కడ పక్ (బంతి బదులు వాడే బిళ్ళ) ఉంటే అక్కడ. మంచు మీద గీసిన బ్లూ లైన్ వెంట పక్కకి జారుతూ పోతాడు, ఎదుటివాడు ఎటు ఒరుగుతాడో కనిపెట్టి చటుక్కున రెండోవైపుకి మళ్ళిపోతాడు. ఆ తర్వాత ఎవరికన్నా ముందే తన గోల్ దగ్గరికి తిరిగొచ్చి ఉంటాడు. ఈ వెనక్కి రావడం నాకు మరీ ఇష్టం.

ఇవాళా అలాగే ఏదో మంచి పని చేశాడు. మావాడు సోఫా మీంచి ఎగిరాడు. ఇంతలో వ్యాఖ్యాత గొంతు తగ్గించి మొదలెట్టాడు. 2024 ఫిబ్రవరిలో రొమ్ము క్యాన్సర్‌తో షేఫర్ వాళ్ళమ్మ చనిపోయిందనీ, అప్పటికి అబ్బాయికి పదహారేళ్ళనీ. ఆ కథ మాకు బట్టీ వచ్చేసింది. గోల్ కొడితే అమ్మ, ఇంటర్వ్యూ ఇస్తే అమ్మ. ఇంతకీ ఆ గోల్ ఎలా కొట్టాడో చెప్పరే! ఆ కాళ్ళ గురించి చెప్పొచ్చు కదా. డ్రాఫ్టుకి ముందు సీజన్లో ఈరీ అనే జూనియర్ జట్టుకి వాడు ఆడింది 17 ఆటలే. మొదట్లో ఒంట్లో బాగోలేదు. తర్వాత ఒట్టావాలో జూనియర్ల ప్రపంచ పోటీలో లాత్వియాతో ఆడుతూ గోల్ పోస్టుకి గుద్దుకుని కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. అయినా ఆ 17 ఆటల్లోనే 22 పాయింట్లు (తను కొట్టిన గోల్సూ, వేరేవాళ్ళ గోల్స్‌కి అందించిన అసిస్టులూ కలిపి). అంత తక్కువ చూసి కూడా అందరికన్నా ముందు వాణ్ణే ఎంచుకున్నారంటే ఏం చూసి ఎంచుకున్నారు? అది చెప్పండి బాబూ, వింటాం.

నాకెందుకింత మంట అంటే, నాన్న పోయిన ఏడాదే నాకు ఎంసెట్ ర్యాంకు వచ్చింది. ఈ సంగతి ఇదివరకు రాశానో లేదో. రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం అమ్మ నాతో వీధంతా లడ్డూలు పంపించింది. స్టీలు డబ్బా, మూత సరిగ్గా పట్టదు, ఒక చేత్తో నొక్కిపట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "తండ్రి లేని పిల్ల, పాపం." పిన్నయితే లడ్డూ నోట్లో పెట్టుకుని ఏడుపు మొదలెట్టింది. నమలలేదు, మింగలేదు, కొంగు అడ్డం పెట్టుకుని వెక్కుతోంది, బూందీ పలుకులు చీర మీద రాలుతున్నాయి. నేను డబ్బా పట్టుకుని అలా నిలబడ్డాను. ర్యాంకు ఎంత అని ఆ వీధిలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. రాత్రుళ్ళు దోమలు కుట్టించుకుంటూ చదివింది నేను, మార్కులన్నీ జాలి ఖాతాలోకి పోయాయి. ఇంజనీరింగ్ అయ్యేదాకా ఇదే వరస. బాగా చదివితే తండ్రి లేడు కాబట్టి, ఎదురు మాట్లాడితే తండ్రి లేడు కాబట్టి.

ఇదంతా అన్నం తింటూ ఈయనతో అన్నాను. ఆయన తాపీగా, "ఆ రిబ్బన్‌ని ముద్దు పెట్టుకుంది ఆ అబ్బాయే కదా" అన్నారు. లాస్ ఏంజెలిస్‌లో డ్రాఫ్టు రోజు ఇచ్చిన జెర్సీ మీద క్యాన్సర్ రిబ్బన్ ఉంది లెండి. కుట్టించింది జట్టువాళ్ళు అన్నాను. ముద్దు పెట్టుకోమని వాళ్ళు చెప్పారా అన్నారు. ఈయనతో ఇదే చిక్కు, వాదించరు, ఒక మాట అనేసి పెరుగు కలుపుకుంటారు.

ఇందాక ఆ వీడియో మళ్ళీ చూశాను. నిజమే, ఎవరూ అడక్కముందే రిబ్బన్‌ని పెదాలకి ఆనించుకున్నాడు. ఏడ్చాడు. కాసేపటికి అదే మొహంతో నవ్వాడు కూడా. తల్లి గురించి అడిగితే ముడుచుకుపోయే పిల్లాడు కాడు. ఒకరి ప్రశ్నకి జవాబుగా కాక, తనే ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెబుతాడు. అందుకే కాబోలు 2025 అక్టోబర్ 9న పిట్స్‌బర్గ్‌లో మొదటి ఆటలోనే అసిస్టూ, రెండు రోజులకి వాషింగ్టన్ మీద మొదటి గోలూ వచ్చినప్పుడు మా ఇంట్లో నేనూ కళ్ళు తుడుచుకున్నాను. అప్పుడు వ్యాఖ్యాత మీద కోపం రాలేదేం మరి?

ఇంకోటి కూడా ఉంది. నా పెళ్ళిలో నాన్న పేరు ఎవరూ ఎత్తలేదు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఎందుకులే అనుకున్నారు. పీటల మీద బాబాయి కూర్చుని కాళ్ళు కడుగుతుంటే, ఎవరైనా ఒక్కరు ఆయన మాట అంటే బాగుండునని మూడు రోజులూ ఎదురుచూశాను. అంటే బాధ, అనకపోతే బాధ. వ్యాఖ్యాతలు మాత్రం ఏం చేస్తారు పాపం. (గొంతు తగ్గించడం మాత్రం మానాలి. అందులో నేను రాజీపడను.)

ఇండియాలో తెల్లారింది కదా అని అమ్మకి ఫోన్ చేశాను. ఆ లడ్డూల రోజు గుర్తుందా, పిన్ని ఎంత ఏడ్చిందో అన్నాను. అమ్మ అటుపక్క ఏదో తాలింపు వేస్తూ, "అది నీకోసం ఏడ్చిందనుకున్నావా? ఆ ఏడు వాళ్ళ శీనుగాడూ రాశాడుగా. వాడికి ర్యాంకే రాలేదు" అంది.

ఇన్నాళ్ళూ చెప్పలేదేం అంటే, నువ్వు అడిగితేగా అని పెట్టేసింది.